మిత్సువో ఫుచిదా

మిత్సువో ఫుచిదా (1902–1976) జపాను నౌకాదళ వైమానికాధికారి, తర్వాతి కాలంలో క్రైస్తవ సువార్తికుడు. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బరుపై దాడిచేసిన మొదటి విడత విమానాలకు ఆయనే నాయకుడు. అలాంటి వ్యక్తి 1950లో క్రీస్తును అంగీకరించడానికి దారితీసిన కారణాల్లో ముఖ్యమైనది ఒక శత్రువు చూపిన క్షమ. 1942లో జపానుపై బాంబులు వేసి పట్టుబడిన అమెరికన్ సైనికుడు జేకబ్ డిషేజర్ దాదాపు 40 నెలలు చెరలో చిత్రహింసలు అనుభవించాడు. అక్కడే బైబిలు చదివి ద్వేషాన్ని విడిచిపెట్టాడు. 1948లో మిషనరీగా తిరిగి జపాను వెళ్లాడు. ఆయన సాక్ష్యం అచ్చయిన కరపత్రం ఫుచిదాను బైబిలు వైపు మళ్లించింది. తర్వాత ఇద్దరూ మిత్రులై ఒకే వేదికపై సువార్త చెప్పారు.

ఓడిన దేశపు సైనికుడు విజేతల మతంలో చేరడం అవకాశవాదమే కావచ్చన్నది సహజమైన అనుమానం. యుద్ధ ఘటనలపై ఫుచిదా చెప్పిన కొన్ని సంగతులను చరిత్రకారులు తోసిపుచ్చిన మాటా నిజమే. అయితే జపానులో అమెరికా ఆక్రమణ పాలన 1952లోనే ముగిసింది. ఆయన మాత్రం ఆ తర్వాతా సువార్త సేవలోనే కొనసాగాడు. పైగా డిషేజర్ చెర, పునరాగమనం ఫుచిదా మాటపై ఆధారపడని వాస్తవాలు. జ్ఞాపకాల్లో లోపాలున్నా, ఇద్దరి సయోధ్య మాత్రం నిస్సందేహమైనది.