సూరత్ తెలుగు నేతన్నల మలివయసు: మౌనం వెనుక వినికిడి లోపం

గుజరాత్‌లోని సూరత్ మరమగ్గాల పరిశ్రమలో జీవితం గడిపిన తెలుగువారిలో అధికులు తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు. లింబాయత్ పరిసరాల్లో స్థిరపడిన పాతతరం కార్మికులు నేడు వృద్ధాప్యంలో ఉన్నారు. వీరి మానసిక ఆరోగ్యాన్ని గురించి చెప్పుకోవాలంటే ముందుగా చెవిని గురించి చెప్పుకోవాలి.

మగ్గాల షెడ్డులో పక్కవారితో మాట్లాడాలన్నా అరవవలసిందే. 85 డెసిబెల్స్‌కు మించిన ధ్వనిని రోజుకు ఎనిమిదేసి గంటలు, ఏళ్ల తరబడి విన్న చెవిలో శబ్దాన్ని గ్రహించే సూక్ష్మకణాలు నశిస్తాయి. అవి తిరిగి పుట్టవు. సన్నని ధ్వనులను వినే శక్తి ముందుగా దెబ్బతింటుంది. మాట వినిపిస్తుంది గాని స్పష్టం కాదు. మనవల గొంతులు మరీను. పదే పదే 'ఏమిటి' అని అడగడానికి మొహమాటపడి పెద్దవారు క్రమంగా మాటలు తగ్గిస్తారు. ఇంట్లోవారు దానిని వయసు ప్రభావమనో, చాదస్తమనో సరిపెట్టుకుంటారు.

సూరత్‌లో దీనికి భాష తోడవుతుంది. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు నడిపినా, వీధిలో పిల్లలు వినేది గుజరాతీ, హిందీయే. సరిగా వినిపించని చెవికి పరాయి భాష మరింత అందదు. మగ్గం మానిన నాడే తోటివారి సాంగత్యమూ సన్నగిల్లుతుంది. బతుకమ్మ నాటి సందడి ఏడాదిలో కొద్ది రోజులదే.

డిమెన్షియాకు దారితీసే, నివారించదగిన 14 కారణాలను లాన్సెట్ కమిషన్ 2024లో పేర్కొంది. వినికిడి లోపం, కుంగుబాటు, సామాజిక ఒంటరితనం మూడూ వాటిలో ఉన్నాయి. నిద్రలేమి, ఆకలి మందగించడం, ఇష్టమైన పనులపై విముఖత రెండు వారాలు దాటితే మానసిక వైద్యుని సంప్రదించాలి. వినికిడి పరీక్ష కూడా చేయించాలి. న్యూ సివిల్ ఆస్పత్రిలోనూ, నగరపాలక సంస్థకు చెందిన స్మిమేర్‌లోనూ ఈ రెండు విభాగాలున్నాయి.

వినికిడి యంత్రం పోయిన శక్తిని తిరిగి ఇవ్వదు, సంభాషణను సులభతరం చేస్తుంది. తొలి వారాల్లో గోల భరించలేక చాలామంది దానిని డబ్బాలో పెట్టేస్తారు. ఓపిక అవసరమయ్యేది అప్పుడే. అల్పాదాయ వృద్ధులకు ఇటువంటి పరికరాలను ఉచితంగా అందించే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో ప్రారంభమైంది.

వయోవృద్ధుల సహాయవాణి ఎల్డర్‌లైన్ నంబరు 14567. మానసిక సమస్యలకు టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడవచ్చు. చెవి సరిగా వినిపించనివారి తరఫున కుటుంబ సభ్యులు ఫోన్ చేయవచ్చు.