పాలు పాడైంది ఎవరి చేతిలో?

పంతొమ్మిదో శతాబ్దపు న్యూయార్క్‌లో పసిపిల్లలకి ఎండాకాలమంటే గండం. జులై, ఆగస్టు నెలల్లో విరేచనాలు పట్టుకుని, ముఖ్యంగా పేదల ఇరుకు అద్దె గదుల్లో, పిల్లలు రాలిపోయేవాళ్ళు. తల్లులకి శుభ్రత తెలీదని పెద్దమనుషులు చాలామంది తేల్చేశారు. ఆ పాలు తల్లి చేతికి వచ్చేముందు ఎక్కడెక్కడ తిరిగొచ్చాయో చూస్తే, ఈ తీర్పు ఎంత తేలికైనదో తెలుస్తుంది.

నగరంలో సారా బట్టీలని ఆనుకునే పశువుల కొట్టాలుండేవి. సారా తీశాక మిగిలిన వేడివేడి పిప్పినీళ్ళే ఆవులకి మేత. కదలడానికి చోటులేక, ఒళ్ళంతా పుళ్ళు పడిన ఆవుల నుంచి పిండిన నీలపు పల్చటి పాలలో సుద్దపొడి కలిపి, ‘స్వచ్ఛమైన పల్లె పాలు’ అని బళ్ళ మీద రాసి మరీ అమ్మారు. 1858లో ఫ్రాంక్ లెస్లీ తన వారపత్రికలో బొమ్మలతో సహా ఈ బాగోతం బయటపెట్టాడు.

తర్వాత నిజంగానే పల్లెపాలు రైళ్ళలో వచ్చాయి. గండం మాత్రం పోలేదు. దూరాల నుంచి వచ్చిన క్యాను కొట్లో మూత తీసి ఉండేది. అందులో గరిటె ముంచి, తెచ్చుకున్న గిన్నెలో పోసేవాళ్ళు. ఇంట్లో ఐసు కొనే స్తోమత లేదు. పాలసీసాకేమో పొడవాటి రబ్బరు గొట్టం, దాని లోపల కడగడం ఎవరి తరం?

మేసీస్ దుకాణం భాగస్వామి నేథన్ స్ట్రాస్ 1893లో పేదల కోసం పాల కేంద్రం తెరిచాడు. పాలు కాచుకొమ్మని ఎన్నాళ్ళుగానో చెబుతున్న పిల్లల డాక్టరు అబ్రహాం జాకోబీ ఆయనకి దన్ను. పాలని మరగనివ్వకుండా కాసేపు వేడిలో ఉంచి, వెంటనే చల్లార్చేవాళ్ళు: పాశ్చరైజేషన్. అంతకంటే నాకు నచ్చింది ఆ సీసాలు. బిడ్డ వయసుని బట్టి, ఒక్కోసారికి ఒక్కో చిన్న సీసా. ఇంట్లో గిన్నె మార్చే పనే లేదు. (మనమూ పాలు కాచకుండా వాడం. కాచిన గిన్నెలో రోజంతా ఎన్ని గరిటెలు మునుగుతాయో మాత్రం లెక్కపెట్టం.)

వ్యతిరేకత గట్టిగానే వచ్చింది. వేడిచేస్తే పాలలో సారం పోతుందన్నారు. మురికి పాలు అమ్మేవాడికి ఇదొక ముసుగవుతుందన్నారు. రెండోమాటలో నిజం లేకపోలేదు. అదే ఏడాది న్యూజెర్సీ డాక్టరు హెన్రీ కోయిట్ మరో దారి పట్టాడు: ఆవునీ, కొట్టాన్నీ, పాలు పితికేవాళ్ళనీ తనిఖీ చేయించి, పచ్చిపాలకే ధ్రువీకరణ ఇవ్వడం. మంచి పాలే, కానీ ఖరీదు ఎక్కువ. అద్దె గదుల్లో బిడ్డల దాకా అవి వచ్చేదెలా?

1908లో షికాగో పాశ్చరైజేషన్‌ని తప్పనిసరి చేసింది, అమెరికా పెద్ద నగరాల్లో అదే మొదటిది. న్యూయార్క్ కొట్లలో మాత్రం క్యాన్లలోంచి ముంచిపోసే విడిపాలు 1930ల దాకా అమ్ముడుపోతూనే ఉన్నాయి. సీసా పాలకంటే అవి కొన్ని సెంట్లు చవక.