పాములేరు నుంచి అరకు దాకా: కాఫీ ఎవరి పంట?

అరకు కాఫీ పొట్లం మీద ఉండేది అరకు పేరే. కానీ తూర్పు కనుమల్లో ఆ పంట మొదట కాలుపెట్టిన చోటు అరకు కాదు. భద్రాచలం నుంచి చింతూరు మీదుగా రాజమండ్రి బస్సు ఎక్కినవాళ్లకు మారేడుమిల్లి ఘాట్ తెలుసు. ఆ వైపు అడవుల్లోని పాములేరు లోయలో 1898లో బ్రోడీ అనే ఇంగ్లీషు అధికారి కాఫీ మొక్కలు నాటించాడు. అంటే ఈ కథ మన పక్క కొండల్లోనే మొదలైంది.

ఆ సంవత్సరానికి ముందూ వెనకా ఏం జరిగిందో కూడా చూడాలి. రంప మన్సబుదారు దోపిడీ మీద, కల్లు పన్ను మీద 1879లో లేచిన పితూరీ మన భద్రాచలం తాలూకా దాకా పాకింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి పోడుకూ మేతకూ కట్టెలకూ అడ్డుకట్ట వేసింది. గూడెం కొండల్లోకి రోడ్లు వేయడానికి మనవాళ్ల చేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించారు. 1922 ఆగస్టు 22న అల్లూరి దళం చింతపల్లి పోలీసు ఠాణా మీద పడింది. కాఫీ మొక్క ఈ రెండు తిరుగుబాట్ల నడుమ కొండెక్కింది. గిరిజనుడు పోడు కొడితే అడవి పాడైనట్టు, దొర తోట వేస్తే బాగుపడినట్టు లెక్క కట్టిన కాలమది. ఆ లెక్క ఇప్పటికీ పూర్తిగా పోలేదని మా అభిప్రాయం.

1920లలో కాఫీ అరకు వైపు చేరింది. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. 1960ల నుంచి అటవీశాఖ రిజర్వు అడవుల్లో కాఫీ తోటలు పెంచింది. ఆ తోటల్లో మనవాళ్లు కూలీలు. మొక్క నాటిందీ, పండు కోసిందీ, బస్తా మోసిందీ వాళ్లే. తోట మాత్రం వాళ్లది కాదు.

కూలీ రైతు కావాలంటే చేతిలో భూమి ఉండాలి. కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. రేపు ఎవరో వచ్చి లేపేస్తారనే భయం ఉన్న నేలలో అలాంటి పంట ఎవరు వేస్తారు? ఐటీడీఏ ద్వారా కుటుంబానికి ఒకటి రెండెకరాల చొప్పున పోడు నేలల్లో కాఫీ వేయించడం మొదలయ్యాకే బగత, కొండదొర, వాల్మీకి, ఖోండు ఇళ్లకు ఆ పంట సొంతమైంది. అందుకు ఆసరాగా నిలిచింది 1/70 చట్టం. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద వచ్చినదే. కొండను గనులకు ఇచ్చేసి ఉంటే అక్కడ కాఫీ రుచి గురించి మాట్లాడుకునే పని ఉండేది కాదు. ఇవే చట్టాలు మన ఏజెన్సీకీ వర్తిస్తాయి. టీచర్లు ఈ సంగతి పిల్లలకు కాఫీ కథతో కలిపి చెబితే బాగా పడుతుంది.

ఇక ఆ రుచి సంగతి. కాఫీ పుట్టిల్లు ఇథియోపియా అడవులు. అక్కడ అది పెద్ద చెట్ల నీడన పెరిగే చిన్న చెట్టు. అరకులో పండించేది అరబికా రకం. సముద్ర మట్టానికి 900 నుంచి 1100 మీటర్ల ఎత్తు, చల్లని రాత్రులు, పైన నీడ ఉండటం వల్ల పండు నిదానంగా పండుతుంది. గింజలో తీపి, పులుపు నిలుస్తాయి. ఆ కాఫీలో నిమ్మజాతి పులుపు, వెనకాల బెల్లపు తీపి, కొంచెం మసాలా వాసన ఉంటాయని రుచి చూసేవాళ్లు చెబుతారు. చికోరీ కలిపిన పొడికి, పాలూ చక్కెరా దట్టించిన కాఫీకి అలవాటు పడిన నాలుకకు ఇది వెంటనే అందదు. నీడ కోసం ఎక్కువగా సిల్వర్ ఓక్ వేశారు. నిటారుగా, త్వరగా పెరుగుతుంది, మిరియాల తీగ పాకడానికి బాగుంటుంది. అయినా కొండంతా అదే చెట్టు ఉంటే దాన్ని అడవి అనడానికి మాకు నోరు రాదు. పనస, నేరేడు ఉన్న తోటే మేలు.

నేల ఎంత మంచిదైనా కోతలో పోగొట్టుకునేది చాలా ఉంది. పండ్లన్నీ ఒకేసారి ఎర్రబడవు. నవంబరు నుంచి ఒకే చెట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లి పండినవే ఏరాలి. పచ్చివీ ఎర్రవీ కలిపి దూసేసి, ఎండబెట్టి సంతలో షావుకారుకు పోస్తే ఆ రుచీ ఉండదు, ధరా ఉండదు. ఏరిన పండు తోలు తీసి, జిగురు పులియబెట్టి, కడిగి, నేలకు తగలకుండా బల్లల మీద ఎండబెట్టాలి. ఈ ఏరే పనిలో ఎక్కువ భాగం ఆడవాళ్లదే. అరకులో నాంది ఫౌండేషన్ అండతో గిరిజన రైతులు సహకార సంఘం పెట్టుకుని ఈ పద్ధతి పట్టుకున్నారు. వేరే ఊళ్ల గింజలతో కలపకుండా తమ కొండ గింజను దాని పేరుతోనే అమ్మారు. 2017లో ప్యారిస్‌లో అరకు పేరుతో దుకాణం తెరుచుకుంది.

2019లో 'అరకు వ్యాలీ అరబికా'కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. విశాఖపట్నం జిల్లా కొండలు, ఒడిశా ప్రాంతం అని అందులో హద్దు చెప్పారు. మొదటి మొక్క నాటిన పాములేరు తూర్పు గోదావరిది కాబట్టి ఆ హద్దులోకి రాలేదు. ఆ గుర్తింపు మొదటి మొక్కకు కాదు, ఫలానా ఎత్తులో పండే గింజకు. అది సబబే. కానీ చరిత్ర చెప్పేటప్పుడు పాములేరును వదిలేయకూడదు.

ఒకప్పుడు ఖమ్మం జిల్లాలో ఉన్న చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం 2014లో ఆంధ్రలోకి వెళ్లాయి. 2022లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు అరకుతో పాటు అందులో చేరాయి. మన గోదావరి ఒడ్డుకు ఆ ఎత్తు లేదు, ఇక్కడ అరబికా పండదు. ఇక్కడ ఇప్పపువ్వు ఉంది, అడ్డాకు ఉంది, తేనె ఉంది. తెల్లారకముందే ఇప్పచెట్టు కింద ఊడ్చి, రాలిన పువ్వు ఏరి, ఎండబెట్టి సంతకు మోసుకెళ్తున్నాం. అక్కడ కొన్నవాళ్లు అన్ని గూడేల పువ్వునూ ఒకే కుప్పగా పోస్తున్నారు. ఎవరిది ఇసుక లేకుండా ఎండిందో, ఎవరిది తడిసిందో ఆ కుప్పలో తెలియదు. ధర మాత్రం అందరికీ ఒకటే.