ఎదిగిన వేటకుక్క: క్రయవిచారము

వేటకుక్కను సంపాదింపగోరువానికి రెండు మార్గములు కలవు. కన్నులు తెఱవని పిల్లను తెచ్చి పెంచుకొనుట యొకటి. మఱియొకని చేతిలో పెరిగి వేట నేర్చిన కుక్కను వెలయిచ్చి తెచ్చుకొనుట రెండవది. మొదటిదానియందు కొనువాడు వంశమును నమ్మును. రెండవదానియందు పనితనమును నమ్మును. ఈ రెండవ విధమైన క్రయమును గూర్చి ప్రాచీనులు ఏమి తలంచిరో, అందు వారికెదురైన చిక్కు ఏమియో విచారించుట ఈ వ్యాసమునందు మా యుద్దేశము.

పై భేదము మన నిఘంటువులకు క్రొత్తది కాదు. అమరసింహుడు కుక్కకు చెప్పిన పర్యాయములలో ‘కౌలేయక’ మొకటి. ఇది కుల శబ్దమునుండి పుట్టినది. కుల, కుక్షి, గ్రీవా శబ్దములకు క్రమముగా కుక్క, కత్తి, అలంకారము అను అర్థములయందు ఒక ప్రత్యయమును పాణిని నాలుగవ అధ్యాయమున విధించినాడు. కౌలేయకము, కౌక్షేయకము, గ్రైవేయకము అను రూపములట్లు సిద్ధించినవి. కులమనగా ఇల్లు, వంశము. కావున కౌలేయకము పుట్టుకనుబట్టి వచ్చిన పేరు. అమరుడే ‘విశ్వకద్రు’ వను మఱియొక పదమును చెప్పి, దానికి వేటయందు నేర్పుగల కుక్క యని యర్థమిచ్చినాడు. ఇచట జాతి ప్రసక్తి లేదు, నేర్పే ప్రధానము. ఏ కుక్కపిల్లయు పుట్టుకతో విశ్వకద్రువు కాజాలదు. తెలుగున ‘జాగిలము’ వేటకుక్కకు రూఢమైన పేరు. ప్రబంధకవులు దానిని విరివిగా వాడిరి గాని, వారికి కుక్క పరుగుతోనే పని, వెలతో పనిలేదు.

వెల మాటను ధర్మశాస్త్రములయందు వెదకుట సహజము. కొన్న వస్తువును పరీక్షించుకొనుటకు యాజ్ఞవల్క్యుడు గడువులు నిర్ణయించినాడు. విత్తనములకు 10 దినములు, ఇనుమునకు 1 దినము, బరువులు మోయు పశువులకు 5, రత్నములకు 7, పాడిపశువులకు 3, దాసికి నెల, దాసునకు పక్షము. ఆ గడువులోపల దోషము కనబడినచో కొన్నవాడు వస్తువును మరలింపవచ్చును. ప్రాణముగల వస్తువునకు దాని స్వభావము బయటపడునంత కాలము ఈయవలెనను సూక్ష్మము ఇందు కలదు. మనుష్యుని తెలిసికొనుటకే అధికకాలము పట్టునని స్మృతికర్త గుర్తించెను. కాని ఈ పట్టికలో కుక్క లేదు.

దీనికి కారణము మనుస్మృతియందు దొరకునని మా యూహ. కుక్కలతో ఆటలాడువానిని మనువు శ్రాద్ధభోజనమునకు అనర్హునిగా చెప్పినాడు. కుక్కలను పెంచువాని అన్నము తినరాదనియు చెప్పినాడు. వ్యాఖ్యాతలు దీనిని వేట మొదలగువానికై పెంచువారియెడ అన్వయించిరి. ఇట్టి దృష్టిగల శాస్త్రము కుక్క బేరమునకు గడువు పెట్టకుండుట వింత కాదు. అయినను శాస్త్రము విడిచినంత మాత్రమున లోకము విడువదు గదా! విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర రచించినది కల్యాణి చాళుక్యుడైన ఆఱవ విక్రమాదిత్యుని కాలమున. 13వ శతాబ్దమున కేతన దానినే ‘విజ్ఞానేశ్వరీయ’మను పేర తెలుగు చేసెను. ఆ విక్రమాదిత్యుని కుమారుడే మూడవ సోమేశ్వరుడు. అతడు 12వ శతాబ్ది పూర్వార్ధమున తన మానసోల్లాసమునందు సారమేయ వినోదమునకు ప్రత్యేకముగా స్థానమిచ్చి, దేశభేదములనుబట్టి కుక్కల గుణములను వర్ణించినాడు. తండ్రి కొలువులో ధర్మశాస్త్రమునకు పట్టని జంతువు కుమారుని గ్రంథములో రాజవినోదమైనది.

కుక్క బేరమును నియమబద్ధముగా చర్చించిన గ్రంథమునకై మనము రోము దేశమునకు పోవలసియున్నది. వర్రో యను పండితుడు క్రీ. పూ. 37 ప్రాంతమున, తన ఎనుబదవయేట, వ్యవసాయమును గూర్చి మూడు సంపుటములు వ్రాసెను. రెండవ సంపుటమున మందకు కాపుకుక్కలను కొనువిధము కలదు. విషయము వేటకుక్క కాకపోయినను, వేటకుక్కను గూర్చి అతడన్న మాట ఒకటి విలువైనది. వేటగానియొద్దగాని కసాయివానియొద్దగాని కాపుకుక్కను కొనవలదని అతని హితవు. కసాయివాని కుక్క మందవెంట నడచుటకు బద్ధకించును. వేటగాని కుక్క కుందేలునో లేడినో చూచినంతనే గొఱ్ఱెలను విడిచి దానివెంట పరుగిడును. అనగా, ఎదిగిన కుక్క తాను నేర్చిన వృత్తిని తనతోనే తెచ్చును. యజమాని మాఱినను వృత్తి మాఱదు. కాపునకు కొనువానికి ఇది దోషము, వేటకు కొనువానికి ఇదియే గుణము. ఎదిగిన కుక్కకు ఎక్కువ వెల యిచ్చుటకు ఆధారము ఈ స్థిరత్వమే.

వర్రో చెప్పిన బేరపు పద్ధతులును గమనింపదగినవి. కొందఱు తలకింత అని వెల కట్టుదురు. కొందఱు తల్లిని కొన్నచో పిల్లలు వెంటవచ్చునని ఒప్పుకొందురు. కొందఱు రెండు పిల్లలను ఒక కుక్కగా లెక్కింతురు. ఒకచోట కలిసి మెలగిన కుక్కలను కలిపియే ఇచ్చుట మాత్రము చాలమంది యాచారము. ఆరోగ్యమును గూర్చియు, కుక్క చేయు నష్టమును గూర్చియు పశువుల విక్రయమందువలెనే అమ్మువాడు పూచీ పడవలెను. పాత యజమాని క్రొత్త యజమానికి అప్పగించిన క్షణమున కుక్క క్రొత్తవాని సొత్తగును. ఇది న్యాయము.

కాని ఆ ప్రకరణముననే వర్రో చెప్పిన యుదంతము ఈ న్యాయమును కొంత కదలించుచున్నది. అమిటెర్నము వాడైన అఫీడియసు పొంటియానసు ఉంబ్రియా సీమ కొసన గొఱ్ఱెల మందలను కొనెను. మందలతోపాటు కుక్కలును బేరములో వచ్చినవి, కాపరులు రాలేదు. మందలను దక్షిణతీరమందలి మెటపాంటము బీళ్లకును, హెరక్లియా అంగడికిని తోలి యిచ్చుటవఱకే కాపరుల బాధ్యత. వారు ఆ పని ముగించి ఇల్లు చేరిరి. కొలది దినములకే కుక్కలు తమ మనుష్యులపై బెంగగొని, ఎవ్వరును పిలువకయే, అనేక దినముల దారి నడచి, పొలములలో దొరకినది తినుచు, ఉంబ్రియాలోని ఆ కాపరులను చేరుకొన్నవి. అవి న్యాయముచే అఫీడియసు సొత్తు. అతడు వెల యిచ్చెను, అప్పగింత జరిగెను, దోషమేమియు లేదు. అయినను ఆ కుక్కలు అతనివి కాలేదు. కుక్క తనవెంట రాగోరువాడు దానికి ఉడికించిన కప్పను వేయవలెనని ససెర్నా యను పూర్వగ్రంథకర్త చెప్పియుండెననియు, ఆ పని ఎవ్వరును చేయలేదనియు వర్రో చమత్కరించినాడు. ఈ యుపాయమును పరీక్షించు భారము పాఠకులకే విడుచుచున్నాము.

శిక్షణమునకే వెల యనుటకు స్పష్టమైన ఉదాహరణము వేల్సు దేశపు ప్రాచీన ధర్మములయందు కలదు. 10వ శతాబ్దపు రాజైన హైవెల్ ద్దా పేర వ్యవహరింపబడు ఆ ధర్మములు 13వ శతాబ్దమునుండి వ్రాతప్రతులలో లభించుచున్నవి. రాజుగారి లేడివేట కుక్కకు కన్నులు తెఱవని దశ మొదలుకొని మెట్టుమెట్టుగా వెల పెంచుకొని పోయి, వేట పూర్తిగా నేర్చినపిదప ఒక పౌను, అనగా 240 పెన్నీలు, వెలగా నిర్ణయించిరి. వడికుక్కకు అందు సగము. ఇచట ఒకే కుక్క వెల వయస్సుతోను నేర్పుతోను పెరుగుచున్నది. అమరుని భాషలో చెప్పవలెనన్న, కౌలేయకము విశ్వకద్రువగుటకు పట్టిన శ్రమను ఆ రాజ్యము నాణెములలో లెక్కించినది.

మన దేశమున ఎదిగిన కుక్క చేతులు మాఱిన సందర్భములు అమ్మకములుగా గాక కానుకలుగా ఎక్కువ కనబడుచున్నవి. అయోధ్యాకాండ 70వ సర్గమున కేకయరాజు మనుమడగు భరతునికిచ్చిన కానుకలలో కుక్కలు కలవు. అవి పిల్లలు కావు. అంతఃపురమున పెరిగి పెద్దవైనవనియు, పులులవంటి బలమును పెద్దకోఱలును కలవనియు వాల్మీకి వర్ణించినాడు. త్వరపడుచున్న భరతునికి ఆ కానుకలు ఆనందమీయలేదు. క్రీ. పూ. 326లో అలెగ్జాండరు పంజాబునకు వచ్చినప్పుడు సోపీథీసు అతనికి 150 కుక్కలనిచ్చెనని డియొడోరసు వ్రాసినాడు. ఇతడు సౌభూతి యని కొందఱు పండితుల మతము. కేకయమును సోపీథీసు రాజ్యమును రెండును పంజాబునకు చెందినవే యగుట గమనింపదగినది.

ఈ రెండవ కానుకతోపాటు జరిగిన పరీక్ష దారుణమైనది. సింహముపైకి మొదట రెండు కుక్కలను విడిచిరి. అవి తగ్గుచుండగా మఱి రెండింటిని విడిచిరి. సింహము లొంగినపిదప ఒకడు కత్తితో ఒక కుక్క కాలు కోయసాగెను. అలెగ్జాండరు కేకవేయగా అంగరక్షకులు వానిని ఆపిరి. దీనికి బదులు మూడింటిని ఇత్తునని సోపీథీసు నచ్చజెప్పి కోత సాగించెను. కుక్క పట్టు విడువకయే నెత్తురోడి చచ్చెను. గ్రీకులు దీనిని శౌర్యకథగా చెప్పిరి. మాకు ఇందు అమ్మువాని నేర్పే కనబడుచున్నది: పరీక్షాఫలమును చూపుటకు సరకునే నాశనము చేసినాడు. పైగా ఆ పరీక్ష కుక్క పట్టును చూపినదే గాని, అది క్రొత్త యజమానిని అంగీకరించునో లేదో చూపలేదు.

కౌటిల్యుడు అడవులలో గస్తీ తిరుగుటకు వేటగాండ్రను, శ్వగణులను నియోగించినాడు. శ్వగణి యనగా కుక్కల గుంపు గలవాడు. మనిషికి పేరే కుక్కలనుబట్టి వచ్చినది. ఆ యుద్యోగమున వానిని విడదీయుట లేదు. మొగలుల కాలమునను వేటకుక్కలకై దూరదేశములకు పంపుట కలదు. అక్బరు అన్ని దేశములనుండియు కుక్కలను తెప్పించెననియు, కాబూలు ప్రాంతమున, విశేషించి హజారా సీమలో, మేలైనవి దొరకుననియు అబుల్ ఫజలు ఐనీ అక్బరీలో వ్రాసెను. జహంగీరు ఇంగ్లీషు మాస్టిఫ్ కుక్కలను కోరి తెప్పించుకొనెను. 1615 మొదలు 1619 వఱకు ఇచట రాయబారిగా నుండిన సర్ థామస్ రో కొలువులో మతాచార్యుడైన ఎడ్వర్డ్ టెరీ, వానికి జరిగిన మర్యాదలను వర్ణించినాడు. ఒక్కొక్క కుక్కకు నలుగురు పరిచారకులు. ఇద్దఱు పల్లకిలో మోయుదురు, ఇద్దఱు ప్రక్కన నడచుచు ఈగలు తోలుదురు. ఇంతమంది యుండగా, ఆ కుక్కలకు తన చేతితోనే తిండి పెట్టవలెనని చక్రవర్తి ప్రత్యేకముగా ఒక వెండి పట్టుకారును చేయించుకొనెను.