షరాబు చూపు: నాణెం నాణ్యత, నాణెం లభ్యస్థానం

బుద్ధఘోషాచార్యుడు విశుద్ధిమార్గంలో ప్రజ్ఞాస్వరూపాన్ని వివరిస్తూ నాణేల ఉపమానం ఒకటి చెప్పాడు. షరాబు పలకపై పోసి ఉన్న నాణేల కుప్పను ముగ్గురు చూస్తారు. పసివాడికి కనిపించేవి రంగులు, ఆకారాలు మాత్రమే. పల్లెవాసికి వాటితో సరుకులు కొనవచ్చునని కూడా తెలుసు, కాని మంచిదేదో చెల్లనిదేదో తేల్చలేడు. షరాబు మాత్రం కంటితో చూసి, మోగించి, వాసన చూసి, రుచి చూసి, తూచి నిజానిజాలు నిర్ణయిస్తాడు. అంతటితో ఆగక, ఆ నాణెం ఏ ఊరిలో, ఏ కొండ దాపున, ఏ నదీతీరాన, ఏ పనివాని చేతిలో తయారైందో కూడా చెప్పగలడు. సంజ్ఞ, విజ్ఞానం, ప్రజ్ఞ అనే మూడింటి తారతమ్యం తెలపడానికి ఆచార్యుడు ఈ ముగ్గురిని నిలబెట్టాడు.

ఈ ఉపమానంలో నాణేల పరిశోధకుడు గమనించవలసిన అంశం ఒకటున్నది. షరాబు జ్ఞానానికి పరాకాష్ఠ లోహపు నాణ్యత కాదు, స్థలం. నేటి సేకరణలో నాణెపు స్థితిని అంచనా వేయడాన్ని గ్రేడింగ్ అంటున్నాము. అది దొరికిన చోటును, చేతులు మారిన క్రమాన్ని కలిపి లభ్యస్థాన వివరం అంటున్నాము. మొదటిదానికి అంగడిలో ధర ఉన్నది. రెండవదానికి సాధారణంగా లేదు. అయితే నాణెపు స్థితిని ఎవరైనా, ఎప్పుడైనా మళ్లీ పరీక్షించవచ్చు. లభ్యస్థానం ఒక్కసారి చెరిగిపోతే ఏ ప్రయోగశాలా దానిని పూర్తిగా తిరిగి ఇవ్వలేదు. ఈ తేడాను కొన్ని ఉదాహరణలతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సూరత్ నగరంలోని ఖటోదరా పారిశ్రామిక వాడ నుండి మొదలుపెట్టడం సముచితం. సూరత్ బట్టల నగరం. తెలంగాణ జిల్లాల నుండి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు దశాబ్దాలుగా ఈ నగరపు మరమగ్గాలపై పనిచేస్తున్నాయి. నగరం గుండా ప్రవహించే తాపీ నది పేరు ఒక ప్రాచీన దానశాసనంలో నమోదై ఉన్నది. క్షహరాత క్షత్రపుడైన నహపానుని అల్లుడు ఉషవదాతుడు నాసిక్ గుహల్లో వేయించిన శాసనంలో, తాను ఉచితంగా పడవ రేవులు ఏర్పరచిన నదుల జాబితా ఇచ్చాడు. దమణ, దహనుకా మొదలైన పేర్లతో పాటు తాపీ కూడా అందులో ఉన్నది.

అదే గుహలోని మరొక శాసనం, నహపానుని 42వ సంవత్సరం నాటిది, నేతగాళ్లను, భిక్షువులను, నాణేలను ఒకే లెక్కలో చేర్చింది. ఉషవదాతుడు 3,000 కార్షాపణాలను అక్షయనీవిగా రెండు నేతగాళ్ల శ్రేణుల వద్ద ఉంచాడు. 2,000 ఒక శ్రేణి వద్ద, నెలకు నూటికి ఒకటి వడ్డీ. 1,000 మరొక శ్రేణి వద్ద, నెలకు నూటికి ముప్పాతిక వడ్డీ. మొదటి మొత్తంపై ఏడాదికి వచ్చేది 240 కార్షాపణాలు. గుహలో వర్షావాసం చేసే 20 మంది భిక్షువులకు తలా 12 చొప్పున చీవరాలకు అది సరిగ్గా సరిపోతుంది. మూలధనం మగ్గాల మధ్యనే ఉండగా సంఘానికి వస్త్రం అందేది. 35 కార్షాపణాలు ఒక సువర్ణానికి సమానమన్న మారకపు లెక్క కూడా ఈ శాసనమే చెబుతున్నది. శాసనం రాతిపై ఉన్నందువల్ల దాని స్థలం చెదరలేదు. అందుకే ఈనాటికీ ఈ లెక్క మనకు అందుతున్నది. చేతులు మారడమే పనిగా పుట్టిన నాణేనికి ఆ భద్రత లేదు.

నహపానుని వెండి నాణేలు చిన్నవి, సుమారు రెండు గ్రాముల తూకం. బొమ్మవైపు రాజు తల, చుట్టూ గ్రీకు అక్షరాలు. బొరుసువైపు బాణం, వజ్రాయుధం, బ్రాహ్మీ ఖరోష్ఠీ లిపుల్లో పేరు. 1906లో నాసిక్ జిల్లా జోగల్‌తెంబిలో ఇటువంటి నాణేల నిక్షేపం ఒకటి బయటపడింది. అందులోని నాణేలు 13,250కు పైనే. వాటిలో 9,270 నాణేలపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రలను, అనగా వంపుల కొండ గుర్తును, ఉజ్జయిని గుర్తును, మళ్లీ కొట్టించాడు. మిగిలినవి నహపానుని ముద్రతో యథాతథంగా ఉన్నాయి. వీరిద్దరి మధ్య మరొక రాజు నాణెం ఆ రాశిలో లేదు. శాతవాహనుడు నహపానుని రాజ్యాన్ని నేరుగా జయించాడనే నిర్ణయానికి ఈ నిక్షేపం బలమైన ఆధారమైంది. గౌతమీ బలశ్రీ నాసిక్ శాసనం తన కుమారుని క్షహరాత వంశ నిర్మూలకునిగా కీర్తించింది. ఆ ప్రశస్తికి లోహం సాక్ష్యమిచ్చింది.

ఆ నిక్షేపం దొరికిన రోజుననే పదిమంది వ్యాపారుల చేతుల్లోకి చెదిరిపోయి ఉంటే ఏమయ్యేది? ఒక్కొక్క నాణెంపై పునర్ముద్ర మిగిలేది. కాని మొత్తం సంఖ్య, ముద్ర పడినవీ పడనివీ ఉన్న నిష్పత్తి, మధ్యలో మరొక రాజు లేడన్న సంగతి తెలిసేవి కావు. చరిత్ర చెప్పినది ఏ ఒక్క నాణెమూ కాదు, అవి కలిసి ఉన్న తీరు.

గ్రేడింగ్ పరిమితి కూడా ఇక్కడే తెలుస్తుంది. ఈనాడు విస్తృతంగా వాడుకలో ఉన్న 1 నుండి 70 వరకు గల అంకెల కొలమానాన్ని 1949లో విలియం షెల్డన్ అమెరికా పెద్ద సెంటు నాణేల కోసం ప్రతిపాదించాడు. యంత్రం మీద ఒకే తీరుగా అచ్చైన నాణేల అరుగుదలను కొలవడానికి అది బాగా ఉపయోగపడుతుంది. చేత్తో సుత్తి దెబ్బ వేసి ముద్రించిన నాణేనికి, విద్ధాంక నాణేనికి, పోతపోసిన సీసపు నాణేనికి ఆ కొలత అతకదు. ముద్ర పక్కకు జరగడం అక్కడ అరుగుదల కాదు, పుట్టుక లక్షణం. రాజు ముఖం చక్కగా కనిపించే నాణేనికి మక్కువ పడే సేకర్త, రెండు ముద్రలు ఒకదానిపై ఒకటి పడి మసకబారిన నాణేన్ని పక్కన పెడతాడు. చరిత్రకారుడు ముందుగా చేయి చాచేది దానికే. మెరుపు కోసం చింతపండుతో, ఆమ్లంతో తోమడం మరింత హాని. పైనున్న పొరతో పాటు ఏ మట్టిలో పడి ఉన్నదో చెప్పే అణువులు కూడా పోతాయి.

నాణెంపై ఊరి పేరు ఉన్నంత మాత్రాన స్థలం తెలిసినట్లు కాదు. దీనికి సూరత్ రూపాయే సాక్షి. మొగలుల కాలంలో సూరత్ ముఖ్యమైన టంకశాల. ఆ తర్వాత ఈస్ట్ ఇండియా కంపెనీ రెండవ షా ఆలం పేరుతో, సూరత్ టంకశాల పేరుతో, 46వ పాలనా సంవత్సరాన్నే స్థిరంగా ఉంచి బొంబాయిలో రూపాయలు ముద్రించింది. చక్రవర్తి గతించిన తర్వాత కూడా అదే సంవత్సరం, అదే ఊరి పేరు కొనసాగాయి. అక్షరాలు చదివినవాడు సూరత్ అంటాడు. అంచు, అచ్చు, యంత్రపు జాడ పరీక్షించినవాడు బొంబాయి అంటాడు. బుద్ధఘోషుని పల్లెవాసికీ షరాబుకీ మధ్య ఉన్న దూరం ఇదే.

లభ్యస్థానం నిలిచినప్పుడు ఎంత మేలు జరుగుతుందో కోటిలింగాల తెలుపుతుంది. గోదావరి ఒడ్డున, పూర్వపు కరీంనగర్ జిల్లాలోని ఈ గ్రామంలో వానలకు నేల కోసుకుపోయినప్పుడు నాణేలు పైకి తేలేవి. ధర్మపురికి చెందిన పండితుడు సంగనభట్ల నరహరి శర్మ వాటిని సేకరించి పురావస్తు శాస్త్రవేత్త పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారి దృష్టికి తెచ్చారు. గోభద, నారన, కంవాయ, సమగోప అనే, చరిత్ర అంతవరకు ఎరుగని పాలకుల పేర్లు వెలికి వచ్చాయి. శాతవాహన వంశ మూలపురుషుడైన సిముకుని పేరు గల నాణేలు కూడా అక్కడ దొరికాయి. శాతవాహనుల తొలి నివాసం ఎక్కడన్న వాదం ఇంకా సాగుతూనే ఉన్నది. కాని తెలంగాణను కాదనలేని పక్షంగా నిలిపినది ఈ నాణేల చిరునామా. ఇవే నాణేలు ఊరి పేరు లేకుండా ఏ నగరంలోని దుకాణంలోనో కనిపించి ఉంటే, అరుదైన వస్తువులుగా మాత్రం మిగిలేవి.

ఇక చిల్లరలో వెతుకులాట సంగతి. పండితులు దీనిని పిల్లల ఆటగా చూస్తారు. నిజానికి చూపుకు ఇది మొదటి బడి. మన నాణెంపై సంవత్సరం అంకె కింద చిన్న గుర్తు ఉంటుంది. వజ్రాకారం ముంబైది, నక్షత్రం హైదరాబాదుది, చుక్క నోయిడాది; ఏ గుర్తూ లేనిది కోల్‌కతాది. ఖటోదరాలో టీ బండి దగ్గర చేతికి వచ్చిన రూపాయి బిళ్లపై నక్షత్రం కనిపిస్తే అది మన వైపు నుండి వచ్చినట్లే. 1803లో నిజాం పాలనలో మొదలై, 1903లో సైఫాబాదుకు, 1997లో చర్లపల్లికి మారిన టంకశాల సంప్రదాయం దాని వెనుక ఉన్నది. ఇక్కడి తెలుగు పిల్లలు వారం రోజుల చిల్లరను నాలుగు కుప్పలుగా వేరు చేసి, ఏ గుర్తువి ఎన్ని వచ్చాయో, ఎక్కడ చేతికి అందాయో పుస్తకంలో రాసుకుంటే నాణేల సంచారం కళ్లకు కడుతుంది. పైసా ఖర్చు లేదు, నాణేనికి హానీ లేదు. వెతికేవాడి సరదా తీరేలోగా చూపు పదునెక్కుతుంది.

ఈ సరదాను దురాశ మలినం చేయకూడదు. ఫలానా అయిదు రూపాయల బిళ్లకు లక్షలు ఇస్తామనే ప్రకటనలు తరచుగా కనిపిస్తున్నాయి. రుసుము, పన్ను పేర చెప్పి అమాయకుల నుండి డబ్బు గుంజడమే వాటి పని. పాత నోట్లు, నాణేల క్రయవిక్రయాల పేర తన పేరును వాడుకొని జరుగుతున్న మోసాల గురించి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది.

నేలలో దొరికిన పాత నాణేల విషయంలో చట్టం కూడా ఉన్నది. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ గల నిక్షేపం దొరికినవారు కలెక్టరుకు తెలియజేయాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం కింద నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువే. ప్రైవేటు వ్యక్తులు దానిని దేశం దాటించరాదు.

వినయపిటకంలో ఒక నియమం ఉన్నది. భిక్షువు బంగారం, వెండి స్వీకరిస్తే దానిని సంఘమధ్యంలో విడిచిపెట్టాలి. తీసుకునే గృహస్థు లేనప్పుడు దానిని పారవేయడానికి సంఘం ఒక భిక్షువును నియమిస్తుంది. ఆయన పడిన చోటు గుర్తుపెట్టుకోకుండా పారవేయాలి. గుర్తు పెట్టుకుంటే దుక్కట దోషం. లోభానికి తిరిగి వచ్చే దారి మిగలకూడదన్నది ఆ నియమంలోని భావం. పురావస్తు పరిశోధకుడి నియమం దీనికి తలకిందులు: పడి ఉన్న చోటును ముందుగా గుర్తుపెట్టాలి, ఆ తర్వాతే చేయి తగిలించాలి. అయినా రెండు నియమాలూ నాణేన్ని సొంత సొత్తుగా చూడవద్దనే చెబుతున్నాయి.

తొట్లకొండ వంటి ఆరామాలలో శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు దొరికాయి. ఇంకా తవ్వని దిబ్బలు ఎన్నో ఉన్నాయి. ఆరామస్థలాల పక్కన నివసించే భిక్షువులకు, అక్కడికి వెళ్లే పరిశోధకులకు మనవి: నాణెం కంటబడితే కదపకండి, తోమకండి. ఉన్నచోటనే ఫోటో తీయండి. పొలం, గట్టు, లోతు, తేదీ ఒక కాగితంపై రాయండి. పురావస్తు శాఖ వారికి కబురు చేయండి. ఆ కాగితం నాణెంతో పాటే ప్రయాణించాలి.