భాగస్వామి లేని గిటార్: వారెన్ హేన్స్ తొలి సోలో ఆల్బమ్‌లో బ్లూస్, సదరన్ రాక్

1993లో మెగాఫోర్స్ రికార్డ్స్ సంస్థ 'టేల్స్ ఆఫ్ ఆర్డినరీ మ్యాడ్‌నెస్' పేరుతో ఒక ఆల్బమ్ విడుదల చేసింది. గాయకుడు, గిటారిస్టు వారెన్ హేన్స్‌కు అది తొలి సోలో ఆల్బమ్. అప్పటికి అతను నాలుగేళ్లుగా ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్‌లో వాయిస్తున్నాడు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో బ్లూస్‌ను, రాక్‌ను కలిపి సదరన్ రాక్ అనే పాయకు దారి వేసిన బృందం అది. ఆ బృందంలోని గిటారిస్టు ఒంటరిగా ఆల్బమ్ చేస్తున్నాడంటే వినేవాళ్లు దేనికోసం ఎదురుచూస్తారో ఊహించడం కష్టం కాదు: పొడవైన గిటార్ విన్యాసాలు, స్లైడ్ వాదనం (వేలికి తొడిగిన గాజు గొట్టాన్ని తీగలపై జరుపుతూ వాయించడం), పాత బ్లూస్ పాటల పునఃగానం. ఈ ఆల్బమ్‌లో పునఃగానాలు లేవు. గిటార్ బలంగానే ఉంది, కానీ పాటకు లోబడి ఉంది. ముందు నిలబడింది గొంతు, దాని వెనక పాటల రచన. హేన్స్ ఎందుకిలా చేశాడో తెలియాలంటే బ్లూస్‌లోనూ సదరన్ రాక్‌లోనూ 'సోలో' స్థానం ఏమిటో ముందు చూడాలి. ఆ రెండు సంప్రదాయాల్లో దాని స్థానం ఒకటి కాదు.

గ్రామీణ బ్లూస్ చాలావరకు ఒంటరి కళ. జార్జియాలో పుట్టిన అంధ గాయకుడు బ్లైండ్ విల్లీ మెక్‌టెల్ పన్నెండు తీగల గిటార్‌తో ఒక్కడే పాడి, వాయించి పాటకు కావలసినదంతా సమకూర్చుకునేవాడు. బొటనవేలు మంద్రస్వరాల్లో నడక నిలిపితే, మిగిలిన వేళ్లు గొంతుకు బదులు పలికేవి. ప్రశ్న వేసేదీ జవాబు చెప్పేదీ ఒకే మనిషి. 1928లో అతను రికార్డు చేసిన 'స్టేట్స్‌బరో బ్లూస్' నలభై ఏళ్ల తర్వాత సదరన్ రాక్‌కు ముఖద్వారమైంది. అయితే నేరుగా కాదు. న్యూయార్క్‌లో పుట్టిన నల్లజాతి గాయకుడు టాజ్ మహాల్ 1968 నాటి తన తొలి సోలో ఆల్బమ్‌లో ఆ పాట పాడాడు. అందులో స్లైడ్ గిటార్ వాయించిన జెస్సీ ఎడ్ డేవిస్ ఓక్లహోమాకు చెందిన కయోవా ఆదివాసి. డ్యుయేన్ ఆల్మన్ అనే తెల్లజాతి యువకుడు ఆ రికార్డు విని స్లైడ్ వెంట పడ్డాడు. జలుబుతో పడుకున్న అన్నకు పుట్టినరోజు కానుకగా ఆ రికార్డును, కోరిసిడిన్ మాత్రల సీసాను తానే ఇచ్చానని తమ్ముడు గ్రెగ్ ఆత్మకథలో చెప్పుకున్నాడు. డ్యుయేన్ సీసాలోని మాత్రలు పారబోసి, ఖాళీ సీసాను ఉంగరపు వేలికి తొడుక్కున్నాడు. ఒకే పాట మూడు జాతుల చేతుల మీదుగా సాగిన ఈ ప్రయాణాన్ని గుర్తుపెట్టుకోవాలి. సదరన్ రాక్‌ను దక్షిణాది తెల్లవాళ్ల సొంత సొత్తుగా చూపే చరిత్రలు వదిలేసేది సరిగ్గా ఈ భాగాన్నే.

1969 మార్చిలో జాక్సన్‌విల్‌లో ఏర్పడి, ఆపై జార్జియాలోని మేకన్‌కు చేరిన ఆల్మన్ బ్రదర్స్ ఆ ఒంటరి కళను కుటుంబం చేశారు. ఇద్దరు గిటారిస్టులు, ఇద్దరు డ్రమ్మర్లు, బాస్, ఆర్గాన్. డ్రమ్మర్లలో ఒకడైన జేమో నల్లజాతీయుడు. ఆ కాలపు దక్షిణాదిలో అటువంటి బృందం కలిసి తిరగడం, కలిసి బతకడం చిన్న విషయం కాదు. సంగీతపరంగా వాళ్ల అసలు ఆవిష్కరణ డ్యుయేన్, డికీ బెట్స్‌ల జంట గిటార్లు. ఒకే రాగవరుసను ఒకరు మూల స్వరంలోనూ మరొకరు దానిపై మూడో స్వరంలోనూ ఏకకాలంలో పలికించడం, ఆ వెంటనే విడిపోయి ఒకరికొకరు జవాబివ్వడం వాళ్ల పద్ధతి. 1971 మార్చిలో న్యూయార్క్‌లో రికార్డయిన 'ఎట్ ఫిల్‌మోర్ ఈస్ట్' 'స్టేట్స్‌బరో బ్లూస్'తోనే మొదలవుతుంది. మెక్‌టెల్ ఒక్కడే మోసిన సంభాషణ అక్కడ ఆరుగురికి పంచబడింది.

ఈ బృందం పుట్టకముందు డ్యుయేన్ సోలో ఆల్బమ్ ఒకటి మొదలై ఆగిపోయింది. సదరన్ రాక్ చరిత్రలో ఇంతకంటే తేటగా మాట్లాడే ఘట్టం మరొకటి లేదని నా అభిప్రాయం. తమ్ముడితో కలిసి నడిపిన అవర్ గ్లాస్ బృందం చెదిరాక డ్యుయేన్ అలబామాలోని మజిల్ షోల్స్‌లో, రిక్ హాల్ నడిపే ఫేమ్ స్టూడియోలో గిటారిస్టుగా కుదిరాడు. విల్సన్ పికెట్ పాడిన 'హే జూడ్'లో పాట చివర అతను వాయించిన తీరు సంగీత వ్యాపారుల చెవిన పడింది. హాల్ అతనితో సోలో ఆల్బమ్ చేయించాలనుకున్నాడు. 1969 మొదట్లో కొన్ని పాటలు రికార్డయ్యాయి. వాటిలో సెయింట్ లూయిస్ జిమ్మీ ఓడెన్ రాసిన పాత బ్లూస్ పాట 'గోయిన్ డౌన్ స్లో' ఒకటి. డ్యుయేన్ స్వయంగా పాడాడు. గిటార్ తీరులో అప్పటికే అతని ముద్ర కనిపిస్తుంది. గొంతు మాత్రం సన్నగా, వెనక్కి తగ్గినట్టుగా ఉంటుంది. వేళ్లు చెప్పగలిగినదాన్ని కంఠం చెప్పలేకపోయింది. ఆల్బమ్ పూర్తికాలేదు. అతను ఫ్లోరిడాకు వెళ్లి బృందాన్ని కూర్చుకున్నాడు, పాడడానికి కాలిఫోర్నియాలో ఉన్న తమ్ముణ్ని పిలిపించుకున్నాడు. 'గోయిన్ డౌన్ స్లో' శ్రోతలకు చేరింది అతను పోయాక, 1972 నాటి సంకలనంలో. సదరన్ రాక్‌కు ఆద్యుడనదగిన గిటారిస్టు సోలో ఆల్బమ్‌ను విడిచిపెట్టడంతోనే ఆ సంగీతం ఆ రూపానికి వచ్చిందంటే అతిశయోక్తి కాదు.

డ్యుయేన్ 1971 అక్టోబరు 29న మేకన్‌లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో మరణించాడు. తర్వాత మిగిలినవాళ్లు సోలో ఆల్బమ్‌లు చేసినప్పుడు బృందం బాణీకి దూరంగానే నడిచారు. గ్రెగ్ 'లెయిడ్ బ్యాక్' (1973) నెమ్మదైన గానం వైపు వెళితే, బెట్స్ 'హైవే కాల్' (1974) ఫిడేలు విద్వాంసుడు వాసర్ క్లెమెంట్స్‌తో కలిసి కంట్రీ సంగీతం వైపు మళ్లింది. రెండూ మంచివే. కానీ బ్లూస్, సదరన్ రాక్ రెండింటినీ ఒక్క మనిషి భుజాన ఎలా నిలపాలన్న ప్రశ్న వాటిలో తేలలేదు.

హేన్స్ 1960లో నార్త్ కరోలైనాలోని యాష్‌విల్‌లో పుట్టాడు. డ్యుయేన్‌కూ అతనికీ అసలు తేడా వాళ్ల మొదలులోనే ఉంది. అన్నల రికార్డుల్లో జేమ్స్ బ్రౌన్‌ను, టెంప్టేషన్స్‌ను వింటూ చిన్నప్పుడే పాడడం మొదలుపెట్టిన హేన్స్ గిటార్ పట్టింది పన్నెండేళ్లకు. ఇరవయ్యో ఏట కంట్రీ గాయకుడు డేవిడ్ ఆలన్ కో బృందంలో చేరాడు. ఆ తర్వాత నాష్‌విల్ పాటల పరిశ్రమను దగ్గరగా చూశాడు. గ్రెగ్ ఆల్మన్ 1988 సోలో ఆల్బమ్ 'జస్ట్ బిఫోర్ ద బులెట్స్ ఫ్లై' శీర్షిక గీతానికి అతను సహరచయిత. గార్త్ బ్రూక్స్ 1991లో కంట్రీ పట్టికలో మొదటి స్థానానికి తీసుకెళ్లిన 'టూ ఆఫ్ ఎ కైండ్, వర్కిన్ ఆన్ ఎ ఫుల్ హౌస్' రచయితల్లోనూ అతని పేరుంది. అంటే సోలో ఆల్బమ్‌కు వచ్చేసరికి అతను మొదట గాయకుడు, తర్వాత పాటల రచయిత, ఆపైన గిటారిస్టు. లోకం మాత్రం ఈ వరుసను తలకిందులుగా చదివింది.

అందుకు కారణం అతనికి దక్కిన కుర్చీ. బెట్స్ బృందంలో వాయిస్తున్న హేన్స్‌ను 1989లో ఆల్మన్ బ్రదర్స్ తిరిగి కలిసినప్పుడు వెంట తెచ్చుకున్నారు. డ్యుయేన్ స్లైడ్ భాగాలు ఇప్పుడు అతని చేతికి వచ్చాయి. వాటిని అతను వాయించిన పద్ధతి గమనించదగింది. డ్యుయేన్ స్లైడ్‌కు ఎక్కువగా ఓపెన్ ఇ శ్రుతి వాడేవాడు. ఆ శ్రుతిలో ఏ తీగనూ నొక్కకుండా మీటినా పూర్తి మేజర్ కార్డ్ పలుకుతుంది, గాజు గొట్టాన్ని అడ్డంగా జరిపితే అదే కార్డ్ పైకీ కిందికీ నడుస్తుంది. హేన్స్ మామూలు శ్రుతిలోనే స్లైడ్ వాయిస్తాడు. అక్కడ ఆ సౌకర్యం లేదు. పక్క తీగలు అపస్వరం పలకకుండా కుడిచేతి వేళ్లతో ఎప్పటికప్పుడు అణచిపెట్టాలి. దానికి ప్రతిఫలంగా, ఒకే పాటలో గాజుతో జారే స్వరం నుంచి వేలితో నొక్కే స్వరానికి, తిరిగి గాజుకు క్షణంలో మారవచ్చు. గిటార్ మార్చనక్కరలేదు, పాట శ్రుతిని స్లైడ్ కోసం సర్దనక్కరలేదు. గోటువాద్యం విన్న తెలుగు శ్రోతకు మెట్ల మీద ఆగకుండా స్వరం జారడంలోని అందం వేరే చెప్పక్కరలేదు. గమకం లాగే బ్లూస్‌లోనూ ప్రాణం స్వరాల మధ్య దూరంలో ఉంటుంది, ముఖ్యంగా మేజర్‌కూ మైనర్‌కూ నడుమ తూగే మూడో స్వరంలో. గాయకుడిగా మొదలైన హేన్స్ స్లైడ్‌తో అచ్చంగా కంఠం పలికినట్టే ఆ మూడో స్వరాన్ని పట్టుకుంటాడు. అతని సాంకేతిక ఎంపిక పాటకు లోబడడానికే పనికొచ్చింది.

ఇప్పుడు ఆల్బమ్ దగ్గరికి. నిర్మాత చక్ లవెల్. అతను 1972లో ఆల్మన్ బ్రదర్స్‌లో పియానో వాదకుడిగా చేరి, 'జెస్సికా' అనే వాద్యరచనలో తన వాదనంతో ప్రసిద్ధుడైనవాడు. డ్యుయేన్ పోయాక ఆ బృందం రెండో గిటారిస్టును వెతక్కుండా పియానోను తెచ్చుకుంది, ఆ పియానో వాదకుడు లవెలే. ఇరవై ఏళ్ల తర్వాత, పక్కన బెట్స్ లాంటి సమాన భాగస్వామి లేని హేన్స్ అదే మనిషిని ఆశ్రయించాడు. రెండో గిటార్ ఖాళీని కీబోర్డులతో పూడ్చడం ఎలాగో అనుభవంతో అతనికంటే బాగా తెలిసినవాడు దొరకడు. ఆల్బమ్‌లో గిటార్‌కు బదులు పలికేది ఎక్కువగా కీబోర్డులు, వాటితో పాటు హేన్స్ గొంతే. మెక్‌టెల్ పద్ధతి ఇక్కడ విద్యుత్ గిటార్ రూపంలో తిరిగొచ్చిందని నేననేది అందుకే. పాడిన పాదం ముగిసిన చోట గిటార్ అందుకుంటుంది, నాలుగైదు స్వరాల్లో జవాబు చెప్పి తప్పుకుంటుంది.

మొదటి పాట 'ఫైర్ ఇన్ ద కిచెన్' నుంచే గిటార్ రిఫ్‌ల (పదేపదే తిరిగొచ్చే చిన్న స్వరవరుసల) బరువు తెలుస్తుంది. మేకన్ తేలికదనం కంటే బ్రిటిష్ బ్లూస్-రాక్ గట్టిదనం ఇందులో ఎక్కువ. మెగాఫోర్స్ సంస్థ మెటాలికా తొలి ఆల్బమ్‌ను విడుదల చేసినదని గుర్తుంచుకుంటే ఆ బరువు అక్కడ ఇమడడంలో వింత లేదు. సదరన్ రాక్ ఎక్కడుందంటే, లయలో కంటే గొంతులో ఉంది. యాష్‌విల్ ఇంట్లో విన్న సోల్ గాయకుల బొంగురు, పదాన్ని సాగదీసి చివర తుంచే తీరు 'ఐల్ బీ ద వన్' వంటి నెమ్మది పాటల్లో నిండుగా వినిపిస్తాయి. బ్లూస్ కూడా పన్నెండు బార్ల చట్రంగా కనిపించడం అరుదు. స్వరాన్ని వంచడంలో, వాక్యాల మధ్య విరామంలో అది ఉంది. చట్రాన్ని వదిలి పలుకుబడిని ఉంచుకోవడమే ఈ ఆల్బమ్ సాధించిన కలయిక.

లోపమూ ఉంది. రిఫ్‌ల ధ్వని కొన్నిచోట్ల పాటలన్నిటినీ ఒకే మందంతో కప్పేస్తుంది. ఆల్మన్ బ్రదర్స్ వాద్యరచన 'కైండ్ ఆఫ్ బర్డ్' (1991)లో హేన్స్, బెట్స్ కలిసి చూపిన జాజ్ సాహసం ఇక్కడ లేదు. సంభాషించే రెండో మనిషి లేకపోతే పోయేదేమిటో ఆ పోలికలో తెలుస్తుంది.

అదే 1993లో మరొకటి జరిగింది. హేన్స్ రాసినవాటిలో తర్వాతి కాలంలో అన్నిటికంటే ఎక్కువగా నిలిచిన 'సోల్‌షైన్' అతని సోలో ఆల్బమ్‌లో లేదు. దాన్ని మొదట రికార్డు చేసింది ఆర్కన్సాలో పుట్టిన నల్లజాతి బ్లూస్ గిటారిస్టు లారీ మెక్‌క్రే, తన 'డెల్టా హరికేన్' ఆల్బమ్‌లో. మరుసటి ఏడాది ఆల్మన్ బ్రదర్స్ అందుకున్నారు. నల్లజాతి బ్లూస్ నుంచి తెల్లజాతి రాక్‌కు పాటలు నడిచిన దారి మనకు తెలుసు, ఆ దారిలో పేరూ డబ్బూ ఎటు చేరాయో కూడా తెలుసు. ఇక్కడ పాట ఎదురు దిశలో వెళ్లింది. ఒక్క ఉదాహరణతో పాత లెక్క సరికాదు. కానీ కొన్ని సదరన్ రాక్ బృందాలు అంతర్యుద్ధకాలపు దక్షిణ రాష్ట్రాల కాన్ఫెడరేట్ జెండాను వేదికపై వేలాడదీసి పేరు తెచ్చుకున్న చరిత్ర పక్కన ఈ విషయాన్నీ నమోదు చేయడం న్యాయం.

1994లో హేన్స్, బాస్ వాదకుడు ఆలెన్ వుడీ, డ్రమ్మర్ మ్యాట్ ఆబ్ట్స్‌తో గవర్న్‌మెంట్ మ్యూల్ అనే త్రయాన్ని మొదలుపెట్టాడు. ఒకే గిటార్, కీబోర్డులు కూడా లేవు. సోలో ఆల్బమ్‌లో లవెల్ పూడ్చిన ఖాళీని ఈసారి ఖాళీగానే ఉంచే ధైర్యం చేశారు. 1995 నాటి వాళ్ల తొలి ఆల్బమ్ ఏ వాద్యమూ లేకుండా మొదలవుతుంది: డెల్టా గాయకుడు సన్ హౌస్ చప్పట్లు మాత్రమే తోడుగా పాడిన 'గ్రిన్నిన్ ఇన్ యువర్ ఫేస్'ను హేన్స్ ఒట్టి గొంతుతో పాడతాడు. డ్యుయేన్ తన సోలో ప్రయత్నాన్ని వదిలేసిన చోట అతనికి లేనిది ఇలా ఒంటరిగా నిలవగల గొంతే. హేన్స్ రెండో సోలో స్టూడియో ఆల్బమ్ 'మ్యాన్ ఇన్ మోషన్' రావడానికి పద్దెనిమిదేళ్లు పట్టింది. 2011లో, ఓటిస్ రెడింగ్ పాటలను లోకానికి అందించిన స్టాక్స్ పేరుమీద వెలువడిన ఆ ఆల్బమ్‌లో సోల్ గానం బహిరంగంగా ముందుకు వచ్చింది, రిఫ్‌లు వెనక్కి తగ్గాయి.