ఫోల్క్సరస్ట్ - జనులు విశ్రమించిన ఊరు

దక్షిణాఫ్రికా అనగానే మనవారికి డర్బన్, కేప్‌టౌన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ రైలుస్టేషను గుర్తుకు వస్తాయి. ఫోల్క్సరస్ట్ అంటే చాలామంది నొసలు ముడుస్తారు. గాంధీగారి దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్ర చదివినవారు మాత్రం "వోక్స్‌రస్ట్ జైలు కాదూ!" అంటారు. ఆ ఊరే ఇది. ఆఫ్రికాన్స్ భాషలో వకారం రాసి ఫకారం పలుకుతారు కాబట్టి స్థానికుల ఉచ్చారణనే నేను వాడుతున్నాను. 'ఫోల్క్' అంటే జనులు, 'రస్ట్' అంటే విశ్రాంతి. మధ్యనున్న సకారం షష్ఠీ విభక్తి ప్రత్యయం. జనుల యొక్క విశ్రాంతి - చక్కని షష్ఠీ తత్పురుషం. నలభై ఏళ్ళు సమాసాలు చెప్పిన నాలుక ఊరకుండదు కదా!

జొహానెస్‌బర్గులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి సింహాలను చూపిస్తానన్నాడు. నేను ఈ ఊరు అడిగాను. సుమారు రెండువందల నలభై కిలోమీటర్ల ప్రయాణం. దారిలో బాల్ఫర్, గ్రేలింగ్‌స్టాడ్, స్టాండర్టన్ వస్తాయి. ఇవన్నీ 1913 నాటి మహాయాత్రలోని ఊళ్ళే. యాత్ర ఆగిపోయిన చోటినుండి బయలుదేరి మొదలైన చోటికి పోతున్నాము, పుస్తకాన్ని చివరి పుటనుండి చదివినట్లు. ఇరువైపులా కనుచూపు మేర గడ్డిమైదానం, మొక్కజొన్న చేలు, అక్కడక్కడ గాలిమర. చెట్టు అరుదు. రెండువేల మంది తలదాచుకోవడానికి ఇక్కడ నీడ ఎక్కడ దొరికి ఉంటుందా అని దారి పొడవునా అనిపించింది.

ఊరు 1888లో వెలసింది. విశాలమైన వీధులు, చర్చి, రైలుస్టేషను, నాలుగు దుకాణాలు. బోయర్ల చిన్న పట్టణాలన్నీ దాదాపు ఈ అచ్చులో పోసినవే. దీనికి ఆ పేరు రావడానికి కారణం దక్షిణంగా నిలిచిన మజూబా కొండ అంటారు. అక్కడ యుద్ధం గెలిచిన బోయర్లు ఈ చోట విశ్రమించారట. 'అమాజూబా' జూలూ మాట, పావురాలు అని అర్థం. మన 'లు' మాట చివర చేరుతుంది. వారి 'అమా' మాటకు ముందు నిలిచి బహువచనం చేస్తుంది. పావురాల కొండమీద అంత నెత్తురు పారడం విధి పరిహాసం.

1877లో ఆంగ్లేయులు ట్రాన్స్‌వాల్‌ను కలిపేసుకున్నారు. బోయర్లు తిరగబడ్డారు. 1881 ఫిబ్రవరి 26 రాత్రి జనరల్ కాలీ నాలుగువందల మంది సైనికులతో చీకట్లో కొండ ఎక్కాడు. శిఖరం చిక్కింది కదా, ఇక శత్రువు తనంతట తానే తొలగిపోతాడనుకున్నాడు; కందకాలైనా తవ్వించలేదు. తెల్లవారి బోయర్ రైతులు బండలచాటున, పొదలచాటున మెల్లగా పైకి పాకారు. వేటకు అలవాటుపడిన చేతులు వారివి. గురి తప్పదు. మధ్యాహ్నానికి కాలీ తలలో గుండు దిగి కూలిపోయాడు. ఆంగ్లేయులలో తొంభైమందికి పైగా చనిపోయారు. బోయర్లలో మృతులు ఒకరిద్దరే. కొద్ది నెలలకే ట్రాన్స్‌వాల్‌కు స్వపరిపాలన తిరిగి దక్కింది. ఆంగ్లేయులకు ఈ అవమానం ఎంత గుచ్చుకున్నదంటే, పందొమ్మిదేళ్ళ తరువాత 1900లో సరిగా అదే ఫిబ్రవరి 27న పార్డబర్గ్ వద్ద బోయర్ సేనాని క్రోన్యే లొంగిపోయినపుడు పాత బాకీ తీరిందని సంబరపడ్డారు.

కొండమీదికి కాలిబాట ఉన్నది. సగం దూరంలో నా మోకాళ్ళు మొరాయించాయి. అబ్బాయిని పైకి పంపి నేనొక బండమీద కూర్చున్నాను. అక్కడినుండి చూస్తే నేటాల్ వైపు లోయ, లేంగ్స్ నెక్ కనుమ తేటగా కనబడతాయి. యుద్ధచరిత్రలు చదివి అర్థం కాని వ్యూహం ఆ బండమీద పావుగంటలో అర్థమయింది: నేటాల్ నుండి ట్రాన్స్‌వాల్‌కు పోవాలంటే సైన్యమైనా, రైలైనా, కూలివాడైనా ఈ ద్వారం గుండానే పోవాలి.

రెండవ బోయర్ యుద్ధంలో ఆంగ్లేయులు పొలాలు తగులబెట్టి ఆడవారిని, పిల్లలను నిర్బంధ శిబిరాలకు తోలారు. ఈ ఊరిలోనూ అటువంటి శిబిరం ఉండేది. మొత్తం శిబిరాలలో చనిపోయిన బోయర్ స్త్రీలు, పిల్లలు ఇరవై ఆరు వేలకు పైనే. నల్లవారికి పెట్టిన వేరు శిబిరాలలోనూ వేలాది మంది పోయారు. బోయర్ సమాజం తన మృతుల పేర్లను వెతికి వెతికి పదిలపరచుకున్నది. ఆ శ్రద్ధకు నమస్కరించాలి. నల్లవారి లెక్క ఈనాటికీ పూర్తికాలేదు.

మన కథ ఇక్కడ మొదలవుతుంది. ఆసియావారు అనుమతిపత్రం లేకుండా ట్రాన్స్‌వాల్‌లో అడుగుపెట్టరాదు. ఆ తనిఖీ జరిగే సరిహద్దు స్టేషను ఫోల్క్సరస్ట్. అందుకే సత్యాగ్రహులు కావాలని ఇక్కడికి వచ్చి అరెస్టయ్యేవారు. గాంధీగారు 1908 అక్టోబరులో ఇక్కడే పట్టుబడి రెండు నెలల కఠినశిక్ష అనుభవించారు. జైలులో డెబ్బై అయిదుగురు దాకా సత్యాగ్రహులుంటే వారి వంట ఆయనదే. సరిగా ఉడకని, చక్కెర లేని జావను తోటివారు ప్రేమకొద్దీ కిక్కురుమనకుండా తాగారని ఆయనే రాసుకున్నారు. ఆ ఘట్టం పిల్లలకు చెప్పినప్పుడల్లా తరగతి అంతా నవ్వేది.

1913 ముచ్చట వేరు. ఒప్పందం గడువు తీరి స్వతంత్రుడైన కూలీపై ఏటా తలకు మూడు పౌన్ల పన్ను. భార్యకూ, ఈడొచ్చిన పిల్లలకూ అంతే. న్యూకాసిల్ బొగ్గుగనుల కార్మికులు పని మాని 36 మైళ్ళు నడిచి సరిహద్దులోని చార్లెస్‌టౌన్ చేరారు. ఆ నడకలో ఇద్దరు తల్లులు బిడ్డలను పోగొట్టుకున్నారు. ఒక పసికందు చలికి పోయింది. ఇంకొకటి ఏరు దాటుతుండగా తల్లి చేతులలోనుండి జారి మునిగిపోయింది. వారి పేర్లు చరిత్రకెక్కలేదు.

ఫోల్క్సరస్ట్ తెల్లవారు సభపెట్టి, భారతీయులు అడుగుపెడితే కాల్చేస్తామని బెదిరించారు. గాంధీగారి మిత్రుడు కాలెన్‌బాక్ ఆ సభకు ఒంటరిగా వెళ్ళి మాట్లాడాడు. ఒకడు ద్వంద్వయుద్ధానికి పిలిస్తే, తాను శాంతిధర్మం స్వీకరించానని బదులిచ్చాడు. నవంబరు 6 ఉదయం 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు సరిహద్దు దాటారు. మనిషికి రోజుకు పౌనున్నర రొట్టె, ఔన్సు చక్కెర. ఒక్క తుపాకీ పేలలేదు. గాంధీగారిని నాలుగు రోజులలో మూడుసార్లు అరెస్టు చేశారు. జనాన్ని బాల్ఫర్ వద్ద ఆపి రైళ్ళలో వెనక్కు తోలారు. 1914లో పన్ను రద్దయింది.

ఆ రెండువేల మందిలో తెలుగువారు ఎందరు? 1860 నవంబరులో 'ట్రూరో' డర్బన్ చేరింది మొదలు మద్రాసు ఓడలు తమిళులతోబాటు మన కోస్తా జిల్లాల వారినీ మోసుకుపోయాయి. ఆ ఓడల జాబితాలలో పేరు, తండ్రి పేరు, గ్రామం, కులం ఉన్నాయి. యాత్రికులకు మాత్రం అటువంటి జాబితా లేదు. సత్యాగ్రహ నాయకుడు తంబి నాయుడికి తెలుగు కొంత వచ్చుననీ, లిపి రాదనీ గాంధీగారు రాశారు. వాడుకలో మిగిలి రాతలో పోయిన భాష అన్నమాట. అక్కడి తెలుగువారు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకోవలసి వచ్చింది ఆ బాధతోనే కాబోలు.

ఈ ప్రాంతపు పురపాలిక పేరు నేడు డాక్టర్ పిక్స్‌లీ కా ఇసాకా సెమె. 1912లో ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ స్థాపకులలో ఒకరు ఆయన. దగ్గరలోని డాగక్రాల్‌లో నల్లవారికి సొంత భూమి కొనిపెట్టాలని ఆయన పూనుకున్న తరుణంలోనే 1913 భూచట్టం వచ్చిపడింది.

మర్నాడు తూర్పుగా ముప్పై కిలోమీటర్ల లోపున్న వాకర్‌స్ట్రూమ్‌కు వెళ్ళాము. 'మేలుకొన్న ఏరు' అని తెనిగించుకోవచ్చు. చిత్తడినేల, రెల్లు, పక్షులను చూసేవారికి స్వర్గం. తలపై బంగారు కిరీటంతో క్రౌంచాలు జంటలుగా తిరుగుతున్నాయి. ఇక్కడి గడ్డిలో అరుదైన ఒక భరతపక్షి ఉంటుంది. దానికి లూయీ బోథా పేరు పెట్టారు. 1900లో స్పియోన్ కోప్ వద్ద బోయర్ సేనను నడిపినవాడు, 1913లో ప్రధానమంత్రి ఆయనే. ఆ స్పియోన్ కోప్‌లో ఆంగ్లేయుల క్షతగాత్రులను డోలీలలో మోసినవారిలో గాంధీగారు ఒకరు. పిట్ట కోసం గంటన్నర కాచుకున్నాము. కనబడలేదు. దారి చూపిన కుర్రవాడు మాత్రం, దాని కూత వినిపించిందని గట్టిగా చెప్పాడు.